మహారాజశ్రీ కోడ్ ఎడిటర్ గారికి నమస్కరించి వ్రాయునది

అయ్యా, ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం, నా శనివారం మాత్రం కాదు.

సంగతేంటంటే, నేను రోజూ వాడే, కోడ్ ఎవరైనా చూసి మార్పులు పంపగలిగే ఒక ఓపెన్ సోర్స్ యాప్‌కి తెలుగు మెనూ ఉంది. అందులో ‘తొలగించు’ అని ఉండాల్సిన చోట ‘తొలిగించు’ అని పడింది. ఒక్క గుడి ఎక్కువ, అంతే. రెండేళ్లుగా ఆ బటన్ నొక్కినప్పుడల్లా కంట్లో నలుసులా ఉండేది, ఎవరో ఒకరు దిద్దుతారులే అనుకుంటూ గడిపేశాను, మొన్న విసుగొచ్చి ఆ ఎవరో ఒకరు నేనే అవుదామని, ప్రోగ్రాములు రాసేవాళ్లు వాడే మిమ్మల్ని ఇన్‌స్టాల్ చేశాను.

తెరిచీ తెరవగానే ఏ రంగు వేసుకోమంటావని అడిగారు. నలుపా తెలుపా అంటే ఒక్క ముక్కలో చెప్పేవాణ్ణి. మీరేమో చీరల కొట్టువాడిలా థీములన్నీ పరిచారు, నేనూ పెళ్లికూతురి తల్లిలా ఇంకోటి చూపించండి, ఇంకోటి చూపించండి అంటూ గంటన్నర కూర్చున్నాను. చివరికి మొదట చూసిందే ఖాయం చేశాను.

తర్వాత ఇండెంటేషన్, అంటే లైను మొదట్లో వదిలే ఖాళీ. దీని గురించి నాకేం తెలుసని? యూట్యూబ్‌లో ఒక తమ్ముడు చెప్పిన సెట్టింగులన్నీ కళ్లు మూసుకుని కాపీ కొట్టాను: నాలుగు స్పేసులు, సేవ్ చేయగానే ఫార్మాటింగ్ (ఫైలంతా మీరే సర్దడం), ఫైల్లో ఉన్న ఇండెంటేషన్‌ని మీ అంతట మీరే పసిగట్టే తెలివికి సెలవు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయలాంటి కెర్నెల్ రాసేవాళ్లకి ట్యాబ్ అంటే 8 అక్షరాల వెడల్పు, పైథాన్ భాష వాళ్ల పెప్ 8 అనే నియమావళి నాలుగు స్పేసులంటుంది, గో భాష వాళ్ల ఫార్మాటర్ ట్యాబులే పెడుతుంది. ఆవకాయలో వెల్లుల్లి పడాలా వద్దా అన్నట్టే ఇదీ, ఎవరింట్లో పద్ధతి వాళ్లదే, పక్కింటి జాడీలో చెయ్యి పెట్టకూడదని మాత్రం నాకెవరూ చెప్పలేదు. నిజానికి చెప్పారు. మాకు రెండు స్పేసులే అని ఆ ప్రాజెక్టు వాళ్లు ఎడిటర్‌కాన్ఫిగ్ అనే సెట్టింగుల ఫైల్లో శుభ్రంగా రాసిపెట్టుకున్నారు. దాన్ని చదవాలంటే మీకు వేరే ఎక్స్‌టెన్షన్ అనే అదనపు ముక్క కావాలట! గేటు మీద ‘కుక్క ఉంది జాగ్రత్త’ అని రాసుంటే, కళ్లజోడు కొనిస్తే చదువుతానన్నట్టుంది.

ఫైలు తెరిచాను. గుడి దొరికింది, తీసేశాను. అక్కడితో ఆగి ఉంటే ఈ ఉత్తరమే లేదు. పై లైన్లో ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాట చుట్టూ మీరు పసుపుపచ్చగా డబ్బా గీసి, ఇందులో కంటికి కనబడని అక్షరం ఉంది, అనుమానించు అన్నారు. నాకు చెమటలు పట్టాయి. 2021లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు కనబడని అక్షరాలతో కోడ్‌లో మోసం దాచొచ్చని చూపించాక మీవాళ్లు కొందరు ఇలాంటి హెచ్చరికలు పెట్టారని విన్నాను, మంచిదే. కానీ అయ్యా, అది దొంగ కాదు, మా ఇంటి మనిషి. ‘ట్’ కింద ‘వ’ ఒత్తుగా జారిపోకుండా మధ్యలో నిలబడే జీరో విడ్త్ నాన్ జాయినర్. అదేంటో అప్పుడు నాకూ తెలియదు, మీ మాట నమ్మి చెరిపేశాను, మాట కాస్తా ‘సాఫ్ట్వేర్’ అయి కూర్చుంది. ఒక తప్పు దిద్దడానికి వచ్చి ఇంకో తప్పు చేతిలో పెట్టుకుని కంట్రోల్ ఎస్ నొక్కాను.

కమిట్ చేయబోతే, అంటే మార్పును ఖాతాలో రాయించబోతే, ఆ ఖాతా చూసే గిట్ ముందుగా నువ్వెవరో చెప్పమంది. వేదాంతులు జీవితమంతా వెతికే ప్రశ్న, నేను ఈమెయిల్ ఇచ్చి బయటపడి, మార్పును ప్రాజెక్టు వాళ్లకి పంపాను.

అరగంటలో ప్రాజెక్టు పెద్దమనిషి నుంచి జవాబు: దిద్దాల్సింది ఒక్క అక్షరమే అన్నారు, 1,312 లైన్లు ఎందుకు మారాయండీ? చూస్తే ఫైలంతా ఎర్రగా (తీసేసిన లైన్లు), పచ్చగా (చేర్చినవి). నేను సేవ్ నొక్కిన ఆ ఒక్క క్షణంలో మీరు ప్రతి లైనునూ రెండు స్పేసులో నాలుగు స్పేసులో కుడికి జరిపి, ఇల్లంతా సర్దేశానని చేతులు దులుపుకున్నారు. గోటితో పోయేదానికి గొడ్డలి అంటారు కదా, ఇక్కడ గొడ్డలి తనంతట తానే లేచింది. పాపం ఆయన విసుక్కోలేదు, ప్రాజెక్టు సైట్లో ఆ ఫైలు పేజీలోనే పెన్సిల్ బొమ్మ ఉంటుంది, అది నొక్కి బ్రౌజర్‌లోనే దిద్దేయండి అన్నారు.

దిద్దాను. నలభై సెకన్లు. ‘సాఫ్ట్‌వేర్’ జోలికి వెళ్లలేదు.

మీరు మాత్రం ఇంకా కింద మూలన గంట బొమ్మ వెలిగించుకుని, కొత్త అప్‌డేట్ వచ్చింది, రీస్టార్ట్ చేయనా అని అడుగుతున్నారు. థీము మాత్రం బాగుంది, అది ఉంచేసుకుంటాను.

ఇట్లు,
సెట్టింగులు ఎక్కడ మార్చాడో మర్చిపోయిన మీ విధేయుడు