మూడు క్వింటాళ్ళ మురిపెం

మా మేనల్లుడికి నా బండి నచ్చకపోవడం నాకు బొత్తిగా నచ్చలేదు.

వాడికి ఇరవై రెండేళ్ళు. బైకులంటే ప్రాణం. ఎప్పుడు చూసినా ఫోన్లో ఏదో ఒక బైకు వీడియో మోగుతూనే ఉంటుంది. అలాంటివాడు నేను కొత్తగా కొన్న క్రూయిజర్ (హైవేల మీద తాపీగా పోయే పెద్ద బైకు) చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, ట్యాంకు మీద చెయ్యేసి, "బాగుంది మామయ్యా" అన్నాడు. ఎవరింట్లోనో కొత్త బీరువా చూపిస్తే మర్యాదకి అంటామే, సరిగ్గా ఆ 'బాగుంది'.

ఇది ఇరవయ్యో ఏట గోడకి పోస్టరు అంటించుకుని, యాభై రెండో ఏట ఇంటికి తెచ్చుకున్న బండి. మధ్యలో ఉన్న ముప్పై రెండేళ్ళూ దీనికోసమే బతికానని చెబితే మా ఆవిడ ఊరుకోదు గానీ, దాదాపు అంతే. కొనే స్తోమత వచ్చేసరికి మోకాళ్ళ స్తోమత పోయింది, అది వేరే సంగతి. ఏ కంపెనీదో చెప్పను. జరిగినదాంట్లో తప్పు బండిది కాదు.

"ముందు శబ్దం విను" అని స్టార్ట్ చేశాను. రెండు సిలిండర్లు, మధ్య 45 డిగ్రీల కోణం. పిస్టన్లు రెండూ ఇంజను ఇరుసుకి ఉండే ఒకే పిన్నుకి (క్రాంక్ పిన్ను) వేలాడతాయి కాబట్టి పేలుళ్ళ మధ్య ఎడం సమానంగా ఉండదు. ఇరుసు 315 డిగ్రీలు తిరిగాక ఒకటి, మళ్ళీ 405 తిరిగాక ఇంకోటి. అందుకే ఆ కుంటి గుర్రం దౌడు లాంటి చప్పుడు. ఇదంతా వాడికి పాఠం చెప్పినట్టు చెప్పి, చివర్లో అసలు ముక్క వదిలాను.

"ఈ శబ్దం మాదేనని హార్లీ డేవిడ్‌సన్ వాళ్ళు 1994లో ట్రేడ్‌మార్కుకి దరఖాస్తు పెట్టారు, తెలుసా?"

"ఇచ్చారా?"

"లేదులే. 2000లో వాళ్ళే వెనక్కి తీసుకున్నారు."

"ఓహో" అన్నాడు. కాసేపాగి, "బరువెంత?" అన్నాడు.

"317 కిలోలు."

"మూడు క్వింటాళ్ళా!"

ఆ లెక్క నేనెప్పుడూ క్వింటాళ్ళలో వేసుకోలేదు. కిలోల్లో ఉన్నప్పుడు అదో హోదాలా వినిపించేది. వాడు క్వింటాళ్ళు అనగానే ధాన్యం బస్తాల్లా అయిపోయింది.

"ఇది సందుల్లో తిరగడానికి కాదురా. హైవే మీద పోవాలి, గాలి మొహానికి తగలాలి..."

"హైవే మీదకి ఎన్నిసార్లు తీసుకెళ్ళావు?"

రెండుసార్లు. అందులో ఒకటి షోరూం నుంచి ఇంటికి. అది వాడికి చెప్పలేదు.

"ఆకారం మాకూ ఇష్టమే మామయ్యా" అన్నాడు, నన్ను ఓదార్చడానికే కాబోలు. "సీటు కిందకి ఉంటుంది, రెండు కాళ్ళూ నేలకి ఆనతాయి, తాపీగా కూర్చోవచ్చు. మా వాళ్ళు హోండా రెబెల్ 500 చూసి పడి చస్తారు. 471 సీసీ, 190 కిలోల దగ్గర ఉంటుంది. అలాంటిదైతే రేపే కొనేస్తా. నీది బండి కాదు, స్థిరాస్తి."

నాకు ఒళ్ళు మండింది. వచ్చే ఆదివారం నాతో రారా, అప్పుడు చెప్తాను అన్నాను. అలా అనకుండా ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు, నా నడుము బాగుండేది.

ఆదివారం నా వెనక వాడి బైకు మీద వాడొచ్చాడు. ఓ షాపింగ్ కాంప్లెక్స్ సెల్లార్లోకి దిగాం. ర్యాంపు మీద నా ఇంజను చప్పుడు గోడలకి కొట్టుకుని నాలుగింతలైంది. రెండు కార్ల అలారాలు వాటంతటవే మోగాయి. వాడి వంక గర్వంగా చూశాను. ఆ ఊపులోనే నేరుగా వెళ్ళి, గోడకి మూతి ఆనించి, బండి ఆపేశాను.

ఆ చోటు గోడ వైపుకి వాలు. వాలు మీద పెద్ద బండిని వెనక చక్రం పల్లానికి ఉండేలా ఆపాలి, లేకపోతే తిరిగి తీసేటప్పుడు ఎత్తుకి తొయ్యాల్సింది మనమే. ఈ పాఠం క్రూయిజర్ కొన్న ప్రతివాడికీ మొదటి వారంలోనే తెలుస్తుంది. నాకూ తెలుసు. కానీ అలారాలు మోగుతున్నప్పుడు పాఠాలు ఎవరికి గుర్తుంటాయి?

గంట తర్వాత తిరిగొచ్చాం. వాడు తన బండిని కుక్కపిల్లని తిప్పినట్టు ఒంటి చేత్తో తిప్పేసుకుని రెడీ అయిపోయాడు. నేను ఎక్కి కూర్చున్నాను. రెండు కాళ్ళూ నేలకి ఆనాయి. ఆనితే ఏం? వెనక్కి తన్నాను. బండి కదల్లేదు. ఇంకోసారి తన్నాను. నేను సీటు మీద నాలుగంగుళాలు వెనక్కి జరిగాను, బండి మాత్రం అక్కడే ఉంది.

హోండా వాళ్ళు గోల్డ్ వింగ్ అనే తమ భారీ బైకుకి 1988 మోడల్ నుంచే రివర్స్ పెట్టారు. బండిని స్టార్ట్ చేసే మోటారే మెల్లగా వెనక్కి లాగుతుంది. "మోటారు సైకిల్‌కి రివర్స్ ఏమిట్రా, ముసలాళ్ళకి కాకపోతే" అని ఒకప్పుడు నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ నిమిషాన ఆ ఇంజనీరు కనబడితే కాళ్ళు మొక్కేవాణ్ణి.

"మామయ్యా, హార్లీ వాళ్ళు వెనక్కి తీసుకున్నారన్నావుగా. ఎలా తీసుకున్నారో చెప్పలేదా?"

వాణ్ణి పట్టించుకోకుండా దిగి, పక్కన నిలబడి, హ్యాండిల్ పట్టుకుని తోశాను. కుడి బూటు కింద ఏదో కారు కార్చిన ఆయిల్ మరక. కాలు జారింది. హ్యాండిల్ చేతిలో మెలి తిరిగింది. బండి నాకు అవతలి పక్కకి వాలడం మొదలెట్టింది. కొద్దిగా వాలినంతసేపు అది నా మాట విన్నది. ఆ తర్వాత భూమి మాట విన్నది. నేను హ్యాండిల్ వదలకపోవడం వల్ల దాంతో పాటు నేనూ సీటు మీద బోర్లా పడ్డాను, బియ్యం బస్తా మీద ఇంకో బియ్యం బస్తా వేసినట్టు. స్పీడు సున్నా. వీడియోల్లో చూపించే పతనాలకి కనీసం ఒక స్పీడైనా ఉంటుంది.

అలారాలు మళ్ళీ మోగాయి.

వాచ్‌మన్ కుర్చీలోంచి లేచి వచ్చి, పడున్న బండినీ నన్నూ మార్చి మార్చి చూసి, "సార్, ఇక్కడ పడుకోబెట్టకూడదు, వెనక కారు వస్తోంది" అన్నాడు.

లేపుదామని వంగాను. నడుములో ఎవరో కొక్కెం తగిలించినట్టయింది. వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను.

"నువ్వు అలాగే ఉండు మామయ్యా" అని మా వాడు రంగంలోకి దిగాడు. ముందు ఇంజను స్విచ్ ఆపాడు. కుడి పక్కకి పడింది కాబట్టి ఎడం పక్క సైడ్ స్టాండ్‌ని ముందే దింపి పెట్టాడు, లేచాక అటు పక్కకి పడిపోకుండా. ఫస్ట్ గేర్లో వేశాడు. హ్యాండిల్‌ని ఒక పక్కకి పూర్తిగా తిప్పాడు. తర్వాత బండికి వీపు చూపించి, సీటుకి పిరుదులు ఆనించి కూర్చున్నట్టు కుంగి, ఒక చేత్తో హ్యాండిల్ పిడి, ఇంకో చేత్తో సీటు కింది కమ్మీ పట్టుకున్నాడు. అలా చిన్న చిన్న అడుగులేస్తూ వెనక్కి నడిచాడు. అంతే. మూడు క్వింటాళ్ళూ లేచి నిలబడ్డాయి. చేతుల బలం కాదట, కాళ్ళ బలమట.

"ఎక్కడ నేర్చుకున్నావురా?"

"వీడియోలో. నీ అంత లేని అమ్మాయి ఇంతకంటే పెద్దది లేపింది."

ఆ తర్వాత వాచ్‌మన్, మా వాడు, వెనక కారాయన కలిసి బండిని ఎత్తుకి తోశారు. నేను వంగే ఉన్నాను కాబట్టి, దూరం నుంచి చూసేవాళ్ళకి నేనూ తోస్తున్నట్టే కనిపించి ఉంటుంది.

నా నడుము ఆ బండెక్కే స్థితిలో లేదు. తాళం వాడి చేతికిచ్చి, నేను క్యాబ్‌లో ఇంటికెళ్ళి మంచమెక్కాను. అరగంట ఆలస్యంగా వచ్చాడు వాడు. మొహం వెలిగిపోతోంది. ఓహో, దారికొచ్చాడు అనుకున్నాను.

"ఎలా ఉంది?"

"సిగ్నల్స్ దగ్గర ముగ్గురు ఆపి మరీ పలకరించారు మామయ్యా!"

నాకు సగం నొప్పి తగ్గింది. "చూశావా! కుర్రాళ్ళేనా?"

"కాదు, ముగ్గురూ నీ ఈడువాళ్ళే. ఒకాయన మైలేజీ అడిగాడు. ఇంకొకాయన బరువెంతో అడిగి, చెప్పగానే నడుము పట్టుకున్నాడు."

"మూడో ఆయన?"

"మీ నాన్నగారిదా బాబూ అన్నాడు."