90 తిప్పినంత మాత్రాన మోకాళ్లు బాగైపోవు

"కేడెన్స్ 90: ప్రతి సైక్లిస్ట్ తెలుసుకోవాల్సిన 5 నిజాలు" అనే మెసేజ్ వాట్సాప్‌లో మళ్లీ వచ్చింది (కేడెన్స్ అంటే నిమిషానికి పెడల్ ఎన్ని చుట్లు తిప్పామన్న లెక్క), ఈసారి ముగ్గురు పంపారు, ఒకాయనైతే "తప్పక చదవండి" అని దండం ఎమోజీ కూడా పెట్టాడు. చదివాను స్వామీ, ఇక నేను చెప్పేది కూడా కాస్త చదవండి.

మొదటిది, ప్రోలందరూ, అంటే ప్రొఫెషనల్ రేసర్లు, 90 తిప్పుతారు కాబట్టి మనమూ అంతే తిప్పాలట. 1972లో బెల్జియం రేసర్ మెర్క్స్ గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కినప్పుడు ఇంచుమించు 105 తిప్పాడు, 2022లో ఇటలీ రేసర్ గన్నా అదే గంటలో 56.792 కొట్టినప్పుడు ఇంకా పెద్ద గేరేసుకుని 100 లోపే తిప్పాడు, మరి ఇందులో 90 ఎక్కడుంది? కొండెక్కేటప్పుడు ఆ ప్రోలే 70, 80కి దిగిపోతారు. నెమ్మదిగా తొక్కేటప్పుడు ఆక్సిజన్ ఖర్చు తక్కువుండేది 60 చుట్టుపక్కల, పవర్ పెరిగేకొద్దీ ఆ అంకె పైకి జరుగుతుంది. 100 వాట్ల పవర్‌తో మెల్లగా పోయేవాడు 90 పట్టుకుని వేలాడితే ఉన్న ఓపికంతా కాళ్లు ఆడించడానికే పోతుంది.

రెండోది, కేడెన్స్ పెంచితే కొవ్వు కరుగుతుందట. ఎంతసేపు, ఎంత గట్టిగా తొక్కామన్నదే లెక్క, వదిలేయండి.

మూడోది, సెన్సర్ కొనకపోతే కేడెన్స్ తెలీదట. కుడి మోకాలు ఎన్నిసార్లు పైకొచ్చిందో 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించడం రానివాళ్లు కొనుక్కోండి.

నాలుగోదానికే నాకు బీపీ పెరిగింది. "మోకాలి నొప్పికి కంగారు వద్దు, ఆపకుండా 90 తిప్పండి, వారంలో పోతుంది." ఆహా! సరే, అందులో సగం నిజముంది, అదే 200 వాట్లకి 60 బదులు 90 తిప్పితే ఒక్కో తొక్కుకి పడే బలం మూడో వంతు తగ్గుతుంది. కానీ నొప్పి సీటు వల్ల అయితే? సీటు మరీ కిందుంటే మామూలుగా మోకాలి ముందు వైపు పట్టేస్తుంది, మరీ పైకుంటే వెనక వైపు లాగుతుంది. ఆ సీటు మీదే గంటసేపు 60 తిప్పితే మోకాలు తప్పుగా వంగేది 3600 సార్లు, 90 తిప్పితే 5400 సార్లు. భలే వైద్యం కదా, పుండు మీద కారం చల్లి, సరిపోలేదని ఇంకో గుప్పెడు వేసినట్టు! ముందు పెడల్ అడుక్కి తెచ్చి మడమ దాని మీద పెట్టి చూడండి, కాలు నిటారుగా రావాలి, అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొంచెం వంగి ఉంటుంది, 25 నుంచి 35 డిగ్రీలు. షూ క్లీట్లు (షూని పెడల్‌కి బిగించే ముక్కలు) వంకరగా ఉన్నాయేమో, ఉన్నట్టుండి దూరం పెంచేశారేమో అది కూడా చూసుకోండి. మోకాలు వాచినా, సైకిల్ దిగాక మెట్లెక్కుతుంటే నొప్పేసినా డాక్టర్ దగ్గరికి వెళ్లండి, దయచేసి వాట్సాప్ దగ్గరికి కాదు.

ఐదోది మాత్రం, చెప్పాలంటే, బాగుంది. తేలిక గేర్లో ఒక నిమిషం పాటు మెల్లమెల్లగా కాళ్లు తిప్పే స్పీడు పెంచమన్నాడు, ఈ డ్రిల్ నిజంగానే పనిచేస్తుంది, ముఖ్యంగా ఎత్తులో కూడా గేరు దించకుండా 50తో మూలుగుతూ ఎక్కేవాళ్లకి. సీటు మీద ఎగరడం మొదలైన చోట ఒక ఐదు తగ్గించి అక్కడే పట్టుకోండి, భుజాలు వదులుగా ఉంచండి, వారానికి రెండుసార్లు చాలు. 90 రాకపోతే రాలేదు, 82 దగ్గర హాయిగా ఉంటే 82తోనే పోండి.