గేటు వాల్వు దొరవారికి తండా విన్నపం

ట్యాంకు నుంచి ఊరికి నీళ్లు వదిలే మహారాజశ్రీ ఊరి లైను గేటు వాల్వు గారికి,

ఓట్లడగకుండా ఏలుతున్నది ఇక్కడ తమరొక్కరే. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టంతో 500 జనాభా దాటిన తండాలు సొంత పంచాయతీలయ్యాయి. మాకూ సర్పంచి, బోర్డు, రబ్బరు స్టాంపు వచ్చాయి. ట్యాంకు మాత్రం ఇప్పటికీ ఊరిదే.

మిషన్ భగీరథ లెక్క మనిషికి రోజుకు 100 లీటర్లు. అంటే 40 వేల లీటర్ల ట్యాంకు ఒక్కసారి నిండితే 400 మందికి సరి. కాగితం మీద. తమరు తెరుచుకోగానే ఊళ్లో నల్లాలకు తగిలించిన మోటర్లు మోగుతాయి, సింటెక్సులు పొర్లి మోరీ పారేదాకా ఆగవు. మా నల్లా బుస్సుమని గాలి ఊదుతుంది. దీనికి పంచాయతీ చేసిన తీర్మానం: ఇంకో ట్యాంకు కావాలి!

తమరి ఆరోగ్యమూ బాగాలేదని విన్నాం. పోట్లాట ఎందుకని తమరినీ, అదే గుంతలో ఉన్న తండా లైను వాల్వునూ సగం సగం తెరిచి పోతున్నారట. గేటు వాల్వంటే పూర్తిగా తెరవాలి, లేదా పూర్తిగా మూయాలి. మధ్యలో ఆపితే నీటి ఊపుకు లోపలి పలక వణికి అంచు అరుగుతుంది, ఆపైన ఎంత తిప్పినా నీళ్లు ఆగవు. ఆగలేదని చక్రానికి పైపుముక్క తొడిగి బలం చూపిస్తే పలకను కదిపే కాడ, అదే స్పిండిల్, విరుగుతుంది. ఆ కాడ చుట్టూ నీళ్లు కారకుండా దారం కుక్కే గ్లాండు కారితే పాత దారం తీసి, గ్రీజు పట్టించిన కొత్తది చుట్టి, నట్లు రెండూ సమంగా బిగించాలి. తమరికి దక్కింది సైకిలు ట్యూబు.

ఆ కారుడుకు మోరీ నీళ్లు తోడై గుంత నిండుతుంది. సరఫరా ఆపగానే పైపులో ఒత్తిడి పడిపోయి, ఆ మురికే గ్లాండు సందులోంచి లోపలికి పోతుంది. ఇంకా తిరుగుతున్న మోటర్లు దాన్ని మరింత పీలుస్తాయి. మర్నాడు మా మొదటి బిందె అదే.

బ్లీచింగు సంగతీ చెప్పాలి. వెయ్యి లీటర్లకు 4 గ్రాముల చొప్పున ట్యాంకుకు 160 గ్రాములు. బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే పోయాలి. చిట్టచివరి నల్లాలో లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. పరీక్ష ట్యాంకు కింది నల్లాకే చేస్తారు. అక్కడ క్లోరిన్ ఉందని చూపే పసుపు రంగు బ్రహ్మాండంగా తేలుతుంది.

కాబట్టి మనవి: ట్యాంకు నిండుగా ఉండగా తమరు పూర్తిగా మూసుకుని ముందు మాకు వదలండి. ఊరు దగ్గరే కనుక మట్టం దిగినా దానికి అందుతుంది. తమరి తాళంచెవి ఈ వారం ఎవరింట్లో ఉందో సెలవిస్తే నకలు వారికీ పంపుకుంటాం.

ఇట్లు,
చివరి నల్లా