ఫ్రిజ్‌లో భూసంస్కరణలు ఎప్పుడు?

పట్టా భూమి, అసైన్డ్ భూమి, ఇనాం భూమి, లంక భూమి, పోరంబోకు. మన దగ్గర నేల ఎన్ని రకాలో అన్ని చట్టాలు, చట్టానికి పది కేసులు, కేసుకు ఇరవై వాయిదాలు. ఇంత శ్రద్ధ ఉన్న ప్రభుత్వానికి మా వీధి చివర కిరాణా కొట్టులో, అద్దం తలుపు వెనక, ఐదు అంతస్తులుగా ఉన్న నేల మాత్రం ఇప్పటిదాకా కనపడలేదు. దానికి సర్వే నంబరు లేదు, అడంగల్ లేదు, హద్దు రాయి లేదు. బెజవాడలో మే నెల మధ్యాహ్నం రెండింటికి గజం లెక్కన చూస్తే బందరు రోడ్డు కన్నా ఖరీదు పలికే ఆ నేల పేరు కూల్‌డ్రింక్ ఫ్రిజ్. అందులో భూసంస్కరణలు వెంటనే అమలు చేయాలని ప్రభుత్వాన్ని డిమాండ్ చేస్తున్నాను.

ముందు కాస్త చరిత్ర. నా చిన్నప్పుడు సోడా కొట్లో ఫ్రిజ్ ఉండేది కాదు, చెక్కపెట్టె ఉండేది. రంపపు పొట్టు కప్పిన ఐస్ దిమ్మ, దాని చుట్టూ కరిగిన నీళ్లు, ఆ నీళ్లలో మెడదాకా మునిగిన సీసాలు. లిమ్కా పక్కన గోల్డ్‌స్పాట్, దాని పక్కన థమ్సప్, సందులో ఊరి గోలీ సోడా. పై అర, కింది అర అన్న మాటే లేదు. లిమ్కా అడిగితే కొట్టతను మోచేతిదాకా చెయ్యి ముంచి కెలికి, ముందు ఏది తగిలితే అది తీసేవాడు. గోల్డ్‌స్పాట్ వస్తే "ఇది తాగు, దానికన్నా చల్లగుంది" అనేవాడు. తాగేవాళ్లం. 1977లో కోకాకోలా దేశం వదిలి వెళ్లిన సంగతి గానీ, 1993లో తిరిగొచ్చి ఏకంగా థమ్సప్‌నే కొనేసిన సంగతి గానీ ఆ పెట్టెలో నీళ్లకు తెలియదు. సామ్యవాదం మన దేశంలో ఎక్కడైనా పూర్తిగా అమలైందంటే ఆ ఐస్ పెట్టెలోనే.

తర్వాత అరలు వచ్చాయి. అరలు వచ్చాక వాటాలు రాకుండా ఉంటాయా?

మా వీధి కొట్టు బాబాయిది. నాకు వరసకు బాబాయి కాదు, వీధి మొత్తానికీ బాబాయే. నాలుగేళ్ల కిందట ఒక కంపెనీ, పేరెందుకు లెండి, ఆయనకు ఫ్రిజ్ ఊరికే ఇస్తానంది. ఊరికే అన్న మాట వినగానే బాబాయికి కళ్లు చెమర్చాయి. ఆగ్నేయంలో పెట్టిద్దామని సిద్ధాంతిని అడిగి, పప్పు డబ్బాలు జరిపి చోటు చేశాడు. కంపెనీవాళ్లు వచ్చి వాస్తు కుదరదన్నారు. రోడ్డు మీద పోయే మనిషికి కనపడాలి, గుమ్మం పక్కనే ఉండాలి. ఆ కొట్టు పడమర ముఖం. మధ్యాహ్నం మూడింటి ఎండ తిన్నగా వచ్చి అద్దం మీద పడుతుంది. లోపల మోటారు సాయంత్రం దాకా రొప్పుతూనే ఉంటుంది. అలా రొప్పినందుకు బిల్లు బాబాయికే వస్తుంది.

ఇక్కడే నా న్యాయ సందేహం. స్థలం బాబాయిది. కరెంటు బాబాయిది. సరుకు మీద పెట్టిన డబ్బూ బాబాయిదే. అరలు మాత్రం కంపెనీవి. వాటిలో కంపెనీ సీసాలు తప్ప వేరేవి పెట్టకూడదని కాగితం మీద సంతకం కూడా పెట్టాడు. కౌలుదారు జమీందారు పొలానికి వెళ్లి దున్నడం విన్నాం గానీ, జమీందారే తన పొలాన్ని తెచ్చి కౌలుదారు ఇంట్లో పరిచి, "నీళ్లు నువ్వే పెట్టుకో" అనడం ఏ రెవెన్యూ చట్టంలో ఉందో పెద్దలు చెప్పాలి.

పొలం అన్నాక పంట ప్రణాళిక ఉంటుంది. ఏ అరలో ఏ సీసా, ఎన్ని వరసలు, ఏ రంగు పక్కన ఏ రంగు అని ఒక బొమ్మ గీసి తలుపు లోపలి వైపు అంటించారు. దాని పేరు ప్లానోగ్రామ్. పంచాంగంలో రాహుకాలాన్నయినా మనవాళ్లు ఏదో ఒక పరిహారం చెప్పి తప్పిస్తారు గానీ, ప్లానోగ్రామ్‌కు పరిహారం లేదు. కంటికి ఎదురుగా ఉండే అర కంపెనీ పెద్దకొడుకుది. రెండు లీటర్ల సీసాలు బరువు కాబట్టి అడుగున. పది రూపాయల జ్యూస్ డబ్బాలు సరిగ్గా ఐదేళ్ల పిల్లాడి ముక్కు ఎత్తులో. ఆ ఎత్తు కొలిచినవాడు ఎవడో గానీ వాడికి పిల్లలుండి ఉంటారు. కొట్టుకు తాతతో వచ్చిన పిల్లాడు ముందు అద్దానికి ముక్కు ఆనిస్తాడు, తర్వాత ఏడుపు మొదలుపెడతాడు, తర్వాత తాత జేబులో చెయ్యి పెడతాడు. ఈ మూడూ వరసగా జరగడానికి అర నిమిషం చాలు.

అరల పనితనం మాత్రం మెచ్చుకోవాలి. తెల్ల పూత వేసిన ఇనప ఊచలు, ముందుకు కొంచెం వాలు. ముందు సీసా తీస్తే వెనక సీసా బుద్ధిగా జారి ముందుకొస్తుంది. రేషన్ షాపు ముందు కూడా జనం ఇంత పద్ధతిగా జరగరు. ఊచల మధ్య సందులు ఎందుకంటే, చల్లగాలి అన్ని అరలకూ తిరగాలి. కానీ ఆ సందుల్లో పెరుగు కప్పు నిలబడదు, పక్కకు ఒరిగిపోతుంది. అందుకని బాబాయి బిస్కెట్ల అట్టపెట్టె చింపి అర మీద పరిచాడు. దాంతో గాలి ఆగిపోయింది. పై అరలో సీసాలు గడ్డకట్టి, కింది అరలో నీళ్లు గోరువెచ్చగా తయారయ్యాయి. మెకానిక్ వచ్చి అట్ట పీకేశాడు. మెకానిక్ వీధి మలుపు తిరగ్గానే బాబాయి మళ్లీ పరిచాడు. నీటి వాటాల దగ్గర ఎగువ రాష్ట్రాలూ దిగువ రాష్ట్రాలూ ఎందుకు కొట్టుకుంటాయో నాకు ఆ అట్టముక్క చూశాకే అర్థమైంది.

అవును, పెరుగు కప్పు అక్కడికెలా వచ్చింది? అదే ఆక్రమణల సమస్య. ఆ కంపెనీ పెరుగు చేయదు. అయినా ఆ ఫ్రిజ్‌లో ఏ రోజు చూసినా పెరుగు కప్పులు, మజ్జిగ ప్యాకెట్లు, పిన్నిగారు రుబ్బి కవర్లలో కట్టి అమ్మే ఇడ్లీ పిండి, తడి గుడ్డలో చుట్టిన మల్లెపూల మూర, రెండో ఇంటి మాస్టారి ఇన్సులిన్ డబ్బా, బాబాయి మధ్యాహ్నం క్యారేజీలో మిగిలిన దొండకాయ వేపుడు కాపురం ఉంటాయి. అందరూ పేదలే, అందరికీ చలి నీడ కావాలి, ఎవరికీ పట్టా లేదు.

పెరుగు దగ్గరకు వచ్చాం కాబట్టి తవ్వకాల గురించి కూడా ఒక మాట. పాత సరుకు ముందు, కొత్త సరుకు వెనక అన్నది అరల ధర్మం. ముందు గడువు తీరేది ముందు అమ్ముడు పోవాలి కదా. ఈ ధర్మం మా ఆవిడకు పెళ్లికి ముందు నుంచే తెలుసు. ఆమె పెరుగు కొనడం చూస్తే పురావస్తు శాఖవాళ్లు ఉద్యోగం ఇస్తారు. ముందు వరస వైపు చూడనైనా చూడదు. చీర కొంగు దోపి, భుజం దాకా చెయ్యి లోపలికి పోనిచ్చి, అట్టడుగు పొరలో నిన్న రాత్రి దిగిన ప్యాకెట్‌ను పట్టుకుని, తేదీని వెలుగులో పెట్టి చదివి, "ఎల్లుండి దాకా ఉంది" అంటుంది. మేము దాన్ని ఆ పూటే తినేస్తాం, అది వేరే సంగతి. బాబాయి తక్కువ తిన్నాడా? ఇప్పుడు కొత్తది ముందు పెట్టి పాతది వెనక దాస్తున్నాడు. ఆమెకు ఈ విషయం ఇంకా తెలియదు. ఈ వ్యాసం చదవదన్న ధైర్యంతో రాస్తున్నాను.

సూపర్‌మార్కెట్లలో ఈ బాధ లేదనుకునేరు. అక్కడ ఫ్రిజ్‌కు అసలు తలుపే ఉండదు. పైనుంచి కిందికి చల్లగాలిని తెరలా వదిలి, కింద జాలీలోకి లాగేస్తారు. ఆ గాలి తెరే తలుపు. లోపల ఒక గీత ఉంటుంది, సరుకు ఆ గీత దాటితే తెర చిరిగిపోతుంది. పండగ ఆఫర్ అని పనీరు ప్యాకెట్లు గీత దాటించి గుట్టగా పోస్తారు, తెర చిరిగి చల్లదనం నడవలోకి వచ్చేస్తుంది. మే నెలలో ఆ నడవలో ఏమీ కొనకుండా వెన్న ధరలు చదువుతూ నిలబడే పెద్దమనుషుల్లో నేనూ ఒకడిని. తలుపులు బిగిస్తే కరెంటు బాగా ఆదా అవుతుందని వాళ్లకూ తెలుసు. కానీ తలుపు తీయడానికి బద్ధకించి జనం కొనకుండా పోతారని భయం. మన బద్ధకం మీద ఇంత నమ్మకం పెట్టుకున్న వ్యాపారం ఇంకొకటి లేదు.

ఫ్రిజ్‌లో భూసంస్కరణలేమిటని వెటకారం చేసేవాళ్లకు ఐర్లండ్ సంగతి చెప్తాను. అక్కడ హెచ్‌బీ అని యూనిలీవర్ ఇంటి ఐస్‌క్రీమ్ కంపెనీ. కొట్లకు ఫ్రీజర్లు ఊరికే ఇచ్చింది, తన ఐస్‌క్రీమ్ తప్ప వేరేది పెట్టొద్దంది. 1989లో మార్స్ ఐస్‌క్రీమ్ ఆ దేశంలో దిగింది. కొట్లవాళ్లు దాన్ని తీసుకెళ్లి హెచ్‌బీ ఫ్రీజర్లలోనే పెట్టారు, అచ్చం మా బాబాయి ఇడ్లీ పిండి పెట్టినట్టు. ఇంకేముంది, కోర్టులు. 1998లో యూరోపియన్ యూనియన్ పాలన చూసే యూరోపియన్ కమిషన్ ఆ షరతు చెల్లదంది. 2003లో లక్సెంబర్గ్‌లో ఉన్న యూరోపియన్ యూనియన్ కోర్టు అవునంది. ఐస్‌క్రీమ్ నోట్లో పెట్టుకుంటే నిమిషంలో కరుగుతుంది, దాని అర ఎవరిదో తేలడానికి మాత్రం పదేళ్లు దాటింది. మన పార్టిషన్ దావాలతో పోలిస్తే త్వరగానే తేల్చారు, అది ఒప్పుకోవాలి.

ఇంకా ఉంది. 2005లో కోకాకోలా యూరోపియన్ కమిషన్‌కు, 2010 చివరిదాకా అమల్లో ఉండేలా, రాసిచ్చిన హామీల్లో ఒకటి ఇది: కొట్లో మనుషులు తమంతట తాము తీసుకోగల వేరే ఫ్రిజ్ లేకపోతే, కంపెనీ ఊరికే ఇచ్చిన ఫ్రిజ్‌లో కనీసం 20 శాతం చోటును కొట్టు యజమాని తన ఇష్టం వచ్చినదానికి వాడుకోవచ్చు. చదివి నాకు ఒళ్లు పులకరించింది. మనం 1973లో పొలాలకు గరిష్ఠ పరిమితి చట్టం తెచ్చుకున్నాం. వాళ్లు ఫ్రిజ్‌కు తెచ్చుకున్నారు. ఐదు అరల్లో ఒకటి! ఇడ్లీ పిండికి, మజ్జిగకు, మల్లెపూలకు పట్టా!

మన దగ్గర అమలు చేస్తే బినామీలతో జాగ్రత్త. థమ్సప్, లిమ్కా, స్ప్రైట్, మాజా, కిన్లే నీళ్లు అని ఐదు పేర్ల మీద ఐదు అరలు చూపిస్తారు, ఇంటిపేరు ఒకటే. పెప్సీ, మిరిండా, సెవెనప్, ఆక్వాఫినా సంగతీ అంతే. సీలింగు రోజుల్లో భూస్వాములు పాలేళ్ల పేర్ల మీద ఎకరాలు రాయించారని మా తాత చెప్పేవాడు. అందుకని ప్రతి ఫ్రిజ్‌కూ ఒక వీఆర్వోను వేయాలి. వేసవిలో ఆ పోస్టుకు పోటీ ఉంటుంది. నేనే దరఖాస్తు పెడతాను.

బాబాయి మాత్రం ప్రభుత్వం కోసం చూడకుండా తన పన్ను తానే వేసుకున్నాడు. చల్లటిదైతే ఎమ్మార్పీ మీద రెండు రూపాయలు. "బాబాయ్, ఎమ్మార్పీ మీద పైసా ఎక్కువ తీసుకోకూడదు, 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ ఉన్నాయి" అని నేను చెప్తే, "ఆ రూల్స్ రాసినాయన్ని వచ్చి నా కరెంటు బిల్లు కట్టమను మాస్టారూ" అంటాడు. రెండు రూపాయలిచ్చి తాగుతూ నా నిరసన తెలియజేస్తుంటాను.

మొన్న మంగళవారం తనిఖీ. కంపెనీ కుర్రాడు బండి మీద వస్తున్నాడని పక్క వీధి కొట్టు నుంచి ఫోన్ రాగానే కూల్చివేతలు మొదలయ్యాయి. పెరుగు కప్పులు బకెట్లోకి, ఇడ్లీ పిండి గల్లాపెట్టె కిందికి, మల్లెపూలు పిన్నిగారి జడలోకి. ఇన్సులిన్ డబ్బా పట్టుకుని నేను నిలబడ్డాను. దొండకాయ వేపుడుకు పునరావాసం దొరక్క బియ్యం బస్తా మీద పెట్టారు. కుర్రాడు చెమటలు కక్కుతూ లోపలికొచ్చి, సీసాలు లెక్కపెట్టి, ఒక వరస సర్ది, లేబుళ్లన్నీ ముందుకు తిప్పి, ఫోన్‌తో ఫోటో తీశాడు. అది అప్‌లోడ్ అయ్యేదాకా నలుగురం ఊపిరి బిగబట్టి చూశాం.

అయిపోయింది. కుర్రాడు ఫోన్ జేబులో పెట్టి, చొక్కాతో మొహం తుడుచుకుని, అర మీద నిలబెట్టిన తన సీసాల వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"అన్నా, మజ్జిగ ప్యాకెట్ ఉందా?"

బాబాయి బకెట్ పైకెత్తి అందులోంచి ఒకటి తీసి ఇచ్చాడు. కుర్రాడు పది రూపాయల నోటు ఇచ్చాడు.

"పన్నెండు" అన్నాడు బాబాయి. "ఇందాకటి దాకా మీ ఫ్రిజ్‌లోనే ఉంది."