గ్లాసులో ఐసుముక్క, గ్రీన్‌లాండ్ మంచు

వాట్సాప్‌లో విరివిగా తిరుగుతున్న ఒక సందేశం నాలుగు మాటలు చెబుతోంది: హిమయుగం 12 వేల ఏళ్ల కిందటే ముగిసిందట, అప్పటి నుంచి మంచు సహజంగానే కరుగుతూ వస్తోందట, హిమాలయాల గురించి శాస్త్రవేత్తలు చెప్పింది అబద్ధమని తేలిందట, గ్లాసులో ఐసుముక్క కరిగినా నీరు పొంగనట్టే, ధ్రువాల మంచు కరిగినా సముద్రమట్టం పెరగదట. చదువుకున్నవారు సైతం దీన్ని నమ్మి పంపుతున్నారన్నదే నా బాధ.

మొదటి మాటలో పదమే తప్పు. భూగర్భ శాస్త్రంలో హిమయుగమంటే ఖండాలను కప్పిన మంచు ఏడాది పొడవునా నిలిచి ఉండే కాలం. అంటార్కిటికా, గ్రీన్‌లాండ్ నేటికీ అలాగే ఉన్నాయి కనుక, సుమారు 26 లక్షల ఏళ్ల కిందట మొదలైన హిమయుగంలోనే మనం ఇంకా ఉన్నాం. దాదాపు 11,700 ఏళ్ల కిందట ముగిసింది అందులోని ఒక అతిశీతల దశ మాత్రమే.

ఆ కరుగుదలే నేటికీ సాగుతోందనడం కూడా నిలవదు. ఉత్తర అమెరికాను కప్పిన మహా హిమఫలకం దాదాపు 7 వేల ఏళ్ల కిందటికే చాలావరకు కరిగిపోయింది. ఆపైన భూమి కక్ష్యలోనూ అక్షంలోనూ వచ్చిన నిదానమైన మార్పుల వల్ల ఉత్తరార్ధగోళంలో వేసవి ఎండ తగ్గుతూ వచ్చింది, దాంతో మంచు మళ్లీ పెరిగి 1850 ప్రాంతంలో ఆల్ప్స్ హిమానీనదాలు లోయల్లోకి బాగా దిగి ఉన్నాయి. అవి వెనక్కి తగ్గింది ఆ తర్వాతే. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లలో 280గా ఉన్న, భూమి వేడిని పట్టి ఉంచే కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది.

హిమాలయాల మంచు 2035 కల్లా మాయమవుతుందని ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల శాస్త్రసంఘమైన ఐపీసీసీ 2007 నాటి నివేదికలో తప్పు దొర్లిన మాట నిజమే, దాన్ని 2010లో ఆ సంస్థే ఒప్పుకుంది. తప్పింది గడువు, కరుగుదల కాదు.

ఇక గ్లాసు సంగతి. లంబసింగిలో కమ్ముకునే తెరనూ, కశ్మీరులో రాలే తెల్లటి పొడినీ, ఫ్రిజ్‌లోని గడ్డనూ మనం మంచు అనే ఒక్క మాటతో పిలుస్తాం కాబట్టి, నీటిపై తేలే మంచుకూ నేలపై పేరుకున్న మంచుకూ ఉన్న తేడా మరుగున పడుతుంది. రెండు స్టీలు గ్లాసుల్లో అంచుదాకా నీళ్లు పోసి చూడండి. మొదటిదాంట్లో నీళ్లు నింపేటప్పుడే ఐసుముక్క తేలుతూ ఉండాలి. రెండోదానిపై టీ వడపోసే జల్లెడ పెట్టి, అందులో ఐసుముక్క ఉంచాలి. మొదటి గ్లాసు పొర్లదు, ఆర్కిటిక్ సముద్రంపై తేలే మంచు విషయంలో ఆ సందేశం చెప్పింది దాదాపు సరైనదే. రెండోది కాసేపటికే పొర్లి గట్టు తడుస్తుంది. గ్రీన్‌లాండ్ మంచు ఉన్నది ఆ జల్లెడ మీద. అదంతా కరిగితే ప్రపంచ సముద్రమట్టం సుమారు 7 మీటర్లు పెరుగుతుంది.