పాత యూరప్ ట్రక్కుకు ఎలక్ట్రిక్ లెవెలింగ్: ‘అరగంట పని’ అన్న చిట్కాలో తప్పులు

మెర్సిడెస్ ఎస్‌కే, మ్యాన్ ఎఫ్90, డాఫ్ 95 లాంటి పాత ట్రక్కులున్న వాళ్ల మధ్య ఒక చిట్కా తెగ తిరుగుతోంది. దాని ప్రకారం పాత కార్లలోంచి రెండు హెడ్‌లైట్ లెవెలింగ్ మోటార్లు (లోడుకు వెనక దిగి బీమ్ పైకి లేచినప్పుడు సీట్లోంచే కిందికి దించేవి) తీసి, లైటు హౌసింగ్‌కు బెజ్జం కొట్టి దూర్చి, ట్రక్కుది 24 వోల్టులు కాబట్టి వాటిని సిరీస్‌లో కలిపి, పార్కింగ్ లైటు నుంచి సప్లై ఇచ్చి, డాష్‌బోర్డులో నాబ్ బిగిస్తే అయిపోయినట్టే. ఆపైన బీమ్ సెట్టింగ్ అక్కర్లేదట, ఎక్కువ వెలుగిచ్చే జెనాన్ బల్బులు కూడా వేసుకోవచ్చట. వెనక ఎయిర్ సస్పెన్షన్ (కమాను కట్టల బదులు గాలి బ్యాగులు) ఉంటే ఇదంతా దండగట. ఈ చివరి మాటలో మాత్రం కొంత నిజం ఉంది.

“రెండు 12 వోల్టుల మోటార్లు సిరీస్‌లో కలపండి.”

ఇది బల్బుల లెక్క. లెవెలింగ్ మోటారుకు సప్లై, ఎర్త్, సిగ్నల్ అని మూడు వైర్లుంటాయి. నాబ్ నుంచి వచ్చే వోల్టేజీని లోపల తన స్థానం చెప్పే పొటెన్షియోమీటర్ వోల్టేజీతో పోల్చుకుంటూ, రెండూ సరిపోయేదాకా మోటారు తిరిగి ఆగుతుంది. సిరీస్‌లో పెడితే పై మోటారుకు ఎర్త్ ఛాసిస్ కాదు, రెండు మోటార్లు కలిసే జాయింటు. ఒకటి తిరుగుతూ ఇంకోటి ఆగి ఉన్నప్పుడు ఆ జాయింటు దగ్గర వోల్టేజీ ఊగుతుంది, ఆగి ఉన్నదాని మీద 12 కంటే బాగా ఎక్కువ పడుతుంది. సిగ్నల్ లెక్క తప్పుతుంది, లోపలి సర్క్యూట్ కాలిపోవచ్చు. వోల్టేజీ తగ్గించడానికి పెట్టే డ్రాపర్ రెసిస్టరుతోనూ ఇదే గొడవ, ఎందుకంటే మోటారు లాగే కరెంటు క్షణక్షణం మారుతుంది. రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి 12 వోల్టులు లాక్కోవడం ఇంకా చెడ్డ అలవాటు. ఆ బ్యాటరీ ఎప్పుడూ తక్కువ ఛార్జిలో, రెండోది ఓవర్‌ఛార్జిలో ఉండి రెండూ పాడవుతాయి.

సరైన దారి 24 వోల్టుల మోటార్లు, వాటికి జతగా వచ్చే నాబ్. కారు మోటార్లే వాడి తీరాలంటే 24 నుంచి 12కు దించే కన్వర్టర్ పెట్టి, మోటార్లతోపాటు నాబ్‌కు కూడా దాని అవుట్‌పుట్ నుంచే సప్లై ఇవ్వాలి.

“పార్కింగ్ లైటు నుంచి సప్లై ఇవ్వండి.”

డిప్ (లో బీమ్) లైను నుంచే తీయాలి. యూరప్ వైరింగ్ చిత్రాల్లో దాని టెర్మినల్ నంబరు 56బి. ఎడమ, కుడి డిప్ లైట్లకు వేర్వేరు ఫ్యూజులుంటాయి కాబట్టి ఏదో ఒక వైపు ఎంచుకుని, నాబ్‌కూ రెండు మోటార్లకూ అదే పాయింటు నుంచి చిన్న ఫ్యూజు ద్వారా ఇవ్వాలి. ఒక మోటారును ఎడమ నుంచి, ఇంకోదాన్ని కుడి నుంచి ఇస్తే లైన్లలో వోల్టేజీ డ్రాప్ తేడాతో రెండు బీములూ రెండు ఎత్తుల్లో నిలుస్తాయి.

అసలు దెబ్బ ఎర్త్ దగ్గర పడుతుంది, ఆ చిట్కాలో దాని ఊసే లేదు. 24 వోల్టుల హెచ్4 బల్బు డిప్‌లో 70 వాట్లు, అంటే సుమారు 3 ఆంపియర్లు. తుప్పు పట్టిన అదే ఎర్త్ బోల్టుకు మోటారునూ కలిపితే బల్బు వెలగగానే మోటారు పోల్చుకునే ఆధార వోల్టేజీ జరిగిపోతుంది. నాబ్ ఎర్త్, మోటార్ల ఎర్త్‌లు విడి వైర్లతో ఒకే శుభ్రమైన పాయింటుకు రావాలి. లైట్లు బంపర్‌లో ఉంటే వైర్లు క్యాబిన్ లేచే మడత దగ్గర అసలు వైర్ల కట్ట (లూమ్) వెంటే, తగినంత లూజుతో పోవాలి. లేకపోతే క్యాబిన్ ఎత్తిన మొదటిసారే తెగుతాయి.

“హౌసింగ్‌కు బెజ్జం కొట్టి మోటారు దూర్చండి.”

రిఫ్లెక్టర్ హౌసింగ్ లోపల విడిగా కదిలే లైటుకే మోటారు పనికొస్తుంది. నిలువు అడ్జస్టర్ ఉండే చోట మోటారు కూర్చుంటుంది, దాని గుండ్రటి కొన రిఫ్లెక్టర్ సాకెట్‌లో టక్కున పడాలి. పడకపోతే మోటారు చప్పుడు చేస్తుంది గానీ రిఫ్లెక్టర్ వేలాడుతుంది. బల్బు తీసి, ఆ రంధ్రంలోంచి రిఫ్లెక్టర్‌ను వేలితో వెనక్కి లాగి పట్టుకుని మోటారును నెట్టాలి. లైటు యూనిట్ మొత్తం మూడు స్క్రూల మీద కదిలే రకమైతే మోటారు ఆశ వదులుకుని, లెవెలింగ్‌తో వచ్చిన లైటు దొరుకుతుందేమో చూడాలి. బెజ్జం కొట్టిన హౌసింగ్‌లోకి నీళ్లు దిగుతాయి, లైటు మీద ఉండే యూరప్ ‘ఇ’ ఆమోదముద్రకూ విలువ పోతుంది. బ్రిటన్, ఐర్లండ్ వాళ్లు లైటు అద్దం మీద బాణం చూడాలి. ఎదురుగా నిలబడి చూస్తే బాణం కుడికి ఉన్నదే ఎడమవైపు నడిచే రోడ్లకు సరిపోతుంది.

“నాబ్ ఉంటే సెట్టింగ్ ఎందుకు?”

నాబ్ కిందికి దించడానికే, సున్నా ఎక్కడో చెప్పదు. ఖాళీ ట్రక్కు, సరైన టైరు గాలి, సీట్లో డ్రైవరు, నాబ్ సున్నాలో ఉంచి స్క్రూతో సెట్ చేయాలి. లైటు దగ్గర ముద్రించిన శాతమే ప్రమాణం. అది 1.5 అయితే 10 మీటర్ల దూరపు గోడ మీద కటాఫ్ (వెలుగు పై అంచు) లైటు మధ్యభాగం కంటే 15 సెం.మీ. కింద ఉండాలి. 4 మీటర్ల వీల్‌బేస్‌లో వెనక భాగం ముందుకంటే 6 సెం.మీ. ఎక్కువ దిగితే బీమ్ సరిగ్గా 1.5 శాతం లేస్తుంది, పెట్టిన వాలంతా పోతుంది. నాబ్‌తో మళ్లీ కిందికి దించాల్సింది అంతే.

“జెనాన్ కూడా పెట్టొచ్చు.”

కుదరదు. ఐక్యరాజ్యసమితి 48వ నిబంధన ప్రకారం వెలుగు 2000 ల్యూమెన్లు దాటిన డిప్ లైటుకు ఆటోమేటిక్ లెవెలింగ్, లైటు కడిగే వాషర్ ఉండాలి. చేతి నాబ్ ఆ లెక్కలోకి రాదు.

“ఎయిర్ సస్పెన్షన్ ఉంటే అనవసరం.”

వెనక ఎయిర్ ఉంటే లోడు పడినా వెనక ఎత్తు మారదు, నిజమే. కానీ ముందు కమాను కట్టలుంటే లోడుకు ముందు భాగం కొంచెం దిగి బీమ్ తగ్గుతుంది, అది ఎవరి కళ్లలోనూ పడదు. లైట్లు క్యాబిన్‌కే బిగించి ఉంటే క్యాబిన్ ఎయిర్ బ్యాగుల ఎత్తు కూడా లెక్కలోకొస్తుంది. మోటారు కొనేముందు వెనక ఎత్తును కాపాడే ఎయిర్ లెవెలింగ్ వాల్వ్ లింక్ రాడ్ వంగిందేమో చూసి, ఖాళీగా ఒకసారి, లోడుతో ఒకసారి ఛాసిస్ ఎత్తు కొలవండి. రెండు కొలతలూ ఒకటే అయితే డబ్బు మిగిలినట్టే.