కండూతి కాండ

అనంతపురంలో చలే ఉండదనే మాటను నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. జనవరి తెల్లవారుజామున 15, 16 డిగ్రీలకు పడిపోయే రోజులున్నాయి. ఉగ్గాని బజ్జీ ప్లేటు చేతికొచ్చే వేళకు ఆ చలి లేచి వెళ్ళిపోతుంది, కాదనను. ఉన్నంతసేపూ మాత్రం చలి చలే. ఆ రెండు గంటల పాటు పేదల చేతులు వణక్కుండా చూడాలని మా వీధి సేవా సంఘం తీర్మానం చేసింది. ఊలుతో హ్యాండ్ వార్మర్లు అల్లి పంచుతాం. వేళ్ళు బయటికుండి, మణికట్టూ అరచెయ్యీ కప్పే తొడుగులన్నమాట.

తీర్మానం జరిగింది ఫిబ్రవరి చివర్లో. ఊలు వచ్చేసరికి మార్చి. అల్లడం వచ్చేసరికి ఏప్రిల్. ముఖ్య అతిథి దొరికింది మేలో. ఇందులో నవ్వాల్సిందేమీ లేదు. 42 డిగ్రీల ఎండలో షామియానా కింద కూర్చోబెట్టి, ఒకదాని మీద ఒకటి ఆరు శాలువాలు కప్పి సన్మానం చేసే జాతి మనది. కప్పించుకున్నవాడు చెమటలు కక్కుతూ దండం పెడతాడే తప్ప తీసెయ్యమని అనడు. ఊలుకీ చలికీ సంబంధం ఉందన్నది గిట్టనివాళ్ళు పుట్టించిన మాట.

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్, అమెరికా ఆడవాళ్ళు సైనికుల కోసం మేజోళ్ళు అల్లి పంపారు. వాళ్ళకు మంచు, బురద, కందకాలు ఉండేవి. మనకు ఆ సౌకర్యాలు లేకపోయినా వెనకాడలేదు.

రిటైరైన మనిషిని కాబట్టి నా చేతికీ సూదులొచ్చాయి. 40 కుట్లు ఎక్కించుకుని, రెండు నిట్ (సూటి కుట్టు), రెండు పర్ల్ (తిరగేసిన కుట్టు) అల్లుకుంటూ పోతే పట్టీ సాగుతూ మణికట్టును పట్టుకుంటుంది. మధ్యలో బొటనవేలికి ఒక తూటు వదలాలి. నా మొదటి తొడుగు ఏనుగు తొండానికి సరిపోయేలా తేలింది. రెండోదాంట్లో మా మనవరాలి చెయ్యి కూడా దూరలేదు. రెండూ కలిపి ఒక జతగా లెక్క రాసుకున్నాం.

మూడో రోజుకు చేతులు ఎర్రగా కంది, మోచేతి దాకా దురద. కండూతి అంటే దురదేనని నిఘంటువులో ఉంది. కీర్తి కండూతి అని పెద్దలు ఏదో మాటవరసకు అంటారనుకునేవాణ్ణి. అది ఒంటికి కూడా ఎక్కుతుందని అప్పుడే తెలిసింది.

డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. నిజంగా ఊలు పడకపోవడం అరుదట. ఎక్కువమందికి అసలు గొడవ పోగు లావుతోనే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు; 30 మైక్రాన్లు దాటిన పోగు వంగదు, కొస పోయి చర్మాన్ని గుచ్చుతుంది. మెరినో గొర్రె ఊలు 20 మైక్రాన్ల దగ్గర్లో ఉంటుంది కాబట్టి మెత్తగా వంగిపోతుంది. ఇక లానోలిన్ అని గొర్రె బొచ్చుకు పట్టి ఉండే జిడ్డు ఒకటుంది. కొందరికి అదీ పడదు. పగిలిన పెదాలకు రాసుకునే మందుల్లో ఉండేదీ అదే.

వెంటనే అత్యవసర సమావేశం పెట్టాం. అల్లేవాళ్ళ చేతుల మీద రెండున్నర గంటలు చర్చ జరిగింది. మెరినో తెప్పిద్దామన్నారు కొందరు. అంటే ఆస్ట్రేలియా గొర్రె. గొర్రెలకు పేరుపడ్డ జిల్లా మనది, కళ్యాణదుర్గం పక్క బొచ్చు కత్తిరించిన కూలి కూడా రావడం లేదని కాపర్లు మొత్తుకుంటున్నారు, అది కొందామా అన్నాను. "గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరమంటావా?" అన్నారు. ఆ బొచ్చు మొరటుదే, ఒప్పుకుంటాను. కంబళిని కాపరి చొక్కా మీద కప్పుకుంటాడు గానీ ఒట్టి ఒంటికి చుట్టుకోడు. కానీ నా ప్రతిపాదన వీగిపోయింది అందుకు కాదు. ఫ్లెక్సీలో 'ఇంపోర్టెడ్' అని వేసుకోవడానికి కుదరదట.

మెరినో ధర విన్నాక కోశాధికారి నూలు దారం అన్నాడు. నూలుకు సాగే గుణం తక్కువ, తడిస్తే తొందరగా ఆరదు, పాలు పోసేవాడి చేతులు మరింత చల్లబడతాయి. చివరికి అందరూ అక్రిలిక్ అనే కృత్రిమ దారం అన్నారు. చవక, గుచ్చదు, ఉతుక్కోవచ్చు. "వాచ్‌మన్లు చలిమంట దగ్గర కూర్చుంటారు. ఊలైతే అంత సులువుగా అంటుకోదు. అక్రిలిక్ మీద నిప్పు పడితే కరిగి చర్మానికి అతుక్కుంటుంది" అని గుర్తుచేశాను.

"మన సభ మేలో కదప్పా, మంట ఎవరు వేసుకుంటారు?" అన్నారు అధ్యక్షులు. దానికి జవాబు నాకిప్పటికీ దొరకలేదు.

అప్పుడు వెనక కుర్చీలో ఉన్న డిగ్రీ పిల్ల లేచి, "పుచ్చుకునేవాళ్ళకు దురద పుడితే ఎట్ల సార్? వాళ్ళను ఒకసారి అడుగుదామా?" అంది. ఫ్యాను శబ్దం వినపడేంత నిశ్శబ్దం. "ఊరికే ఇచ్చేదానికి దురదేందిప్పా!" అన్నారు అధ్యక్షులు. ఉచిత వస్తువులకు దురద ఉండదని మినిట్స్‌లో రాసుకున్నాం. ఆ అమ్మాయి తర్వాత మీటింగులకు రాలేదు. కుర్రకారుకు నిలకడ ఉండదు.

అప్పటికే తెచ్చి పెట్టుకున్న ముతక ఊలు పారేయలేక నా వాటాకు వేశారు. కొబ్బరినూనె రాసుకుని అల్లితే తొడుగు తాళింపు వాసన వేసింది. ఆఖరికి నూలు గ్లౌజులు తొడుక్కుని కూర్చున్నాను. చేతులకు తొడుగులు వేసుకుని, కరెంటు పోయిన మధ్యాహ్నాల్లో, ఎవరి చేతులకో తొడుగులు అల్లాను. మా ఆవిడ ఆ దృశ్యాన్ని చూసి ఏమీ అనలేదు. పక్కింటావిడను కూడా పిలిచి చూపించింది.

సభ ఘనంగా జరిగింది. ముఖ్య అతిథికి శాలువా కప్పాం. ఒక్కో జతా ఇచ్చేటప్పుడు ఫోటో సరిగా వచ్చేదాకా ఇద్దరూ దాన్ని పట్టుకునే నిలబడ్డారు. కొందరికి మూడుసార్లు ఇచ్చాం.

వారం తర్వాత సప్తగిరి సర్కిల్ దగ్గర టీ తాగుతుంటే నేనల్లిన జత కనిపించింది. టీ అబ్బాయి వాటిని రెండు చేతులకూ తొడుక్కుని, మరుగుతున్న పాలగిన్నెను పొయ్యి మీంచి దించుతున్నాడు. నన్ను గుర్తుపట్టాడు.

"బాగుండాయి సార్, మసిగుడ్డ కన్నా నయం. ఈ బొటనేలి కాడ తూటు మాత్రం యాల పెట్టినారో అర్థం కాలే. ఆడే కాల్తాంది."

పుచ్చుకున్నవాళ్ళ నుంచి మాకు అందిన మొదటి ఫిర్యాదు అది. వచ్చే సమావేశం ఎజెండాలో చేర్చాం.